రెండు కిలోలు

జూలై వచ్చిందంటే గెంజె ఊళ్లో
ప్రతి పెరటి గచ్చు మీదా ఉన్ని ఆరుతుంది.
తడి గొర్రె వాసన మూడో అంతస్తు దాకా ఎక్కుతుంది.
ఇక్కడ దాన్నెవరూ కంపు అనరు,
ఎండలు ముదిరాయి అంటారు.

బాకూ నుంచి స్ప్రింగు పరుపు తెస్తానన్నాడు అల్లుడు.
ఉతకడానికి వీల్లేని దాని మీద నిద్రేమిటి నాయనా, అన్నాను.

ఎన్నేళ్లుగానో మా పరుపు విప్పి, ఉతికి, కుట్టి ఇచ్చేది
ముసలి జుమ్రూద్.
మొన్న చలికాలం పోయింది.
ఆమె జానెడు సూది నాకు మిగిలింది.
సరే, నేనే కూచున్నాను.

కుట్లకు కత్తెర వద్దు, పాత బ్లేడు చాలు.
లోపల ఉన్ని గడ్డకట్టి ఉంది.
నా నడుము పడేచోట ఒక పళ్లెం,
ఎజ్దర్ భుజం పడేచోట ఇంకో పళ్లెం,
నడుమ గట్టు.
ఒక మూల,
ఒట్టేసి మానేశానన్న పొద్దుతిరుగుడు గింజల తొక్కలు.

ఎందుకో తూచాలనిపించింది.
మల్బరీ కొమ్మకు కొక్కెం త్రాసు తగిలించాను.
పదకొండు కిలోలు.

నీళ్లు గోరువెచ్చగా ఉండాలి,
మరిగినవి పోస్తే ఉన్ని ముడుచుకుని చెప్పు అట్టవుతుంది.
మొదటి నీళ్లు టీ రంగు.
రెండోవీ టీయే.
ఐదో నీళ్లలో నా వేళ్లు నాకు కనిపించాయి.
మూడు రోజులు ఎండబెట్టి, పిచ్చుకల్ని తోలి,
మళ్లీ తూచాను.

తొమ్మిది.

కొక్కెం సరిచేసి తూచాను. తొమ్మిది.
పక్కింటి నెర్మిన్‌ని పిలిచి చదవమన్నాను, కళ్లు మంచివని.
తొమ్మిదే పెద్దమ్మా, అంది.

ఆరేళ్ల కిందట
అత్తగారి పెద్ద పరుపు విప్పి చెరో పదకొండు పంచుకున్నాం.
రెండు వాటాలూ ఉతికి తెస్తానని మా తోటికోడలు తెర్లాన్ పట్టుకెళ్లింది.
నా సంచిలో తొమ్మిది తిరిగొచ్చింది.
"ఉన్ని ఏమన్నా పంచదారా, నీళ్లలో కరగడానికి?"
మెట్ల మీద అన్నాను. అందరూ వింటుండగా.
సంచి కింద పెట్టి, ఒక్క మాటా అనకుండా
పైకి వెళ్లిపోయింది.
ఏకు మేకై కూర్చుంది.
అప్పట్నుంచీ అవే మెట్లు, అదే ఇనుప తలుపు,
ఆమె దిగుతుంటే
నేను చేతిలో ఉన్న తాళంచెవిని వెతుక్కునేదాన్ని.

తొట్టి అడుగున ఎండిన మట్టిని వేలితో గీశాను.
గొర్రె కొండ మీంచి మోసుకొచ్చిన దుమ్ము,
పిల్లల ఉచ్చ, జ్వరాల చెమట,
ముప్పయ్యేళ్ల మా ఇద్దరి చర్మం.
రెండు కిలోల దొంగ
మురుక్కాలవలో ఎప్పుడో కొట్టుకుపోయాడు.

వెళ్లి తప్పయిందనే నాలుక కాదు నాది.
నెర్మిన్‌తో కబురంపాను:
ఉన్ని కొట్టడానికి ఒంటి కర్ర చాలదని చెప్పు.
అంతే చెప్పు.

గంటకు వచ్చింది. తలకు గుడ్డ, చేతిలో సొంత కర్ర.
ఎదురుగా కూచుంది.
ఆమెది లేచినప్పుడు నాది పడాలి,
లేదంటే కర్రలు కర్రలతో కొట్టుకుంటాయి.
ఆరేళ్లయినా లెక్క తప్పలేదు.
గడ్డలు విడిపోయి మోకాళ్ల దాకా పొంగాయి.

మధ్యలో ఆగి కొమ్మ వంక చూసింది.
త్రాసు తియ్యడం మరిచాను.
ముల్లు సున్నా దగ్గర ఊగుతోంది.
నా చెయ్యి నా భుజం తడుముకుంది.
నూగు అంటింది, దులిపాను, అంతే.
ఆమె ఏమీ అనలేదు.

"ఎన్ని నీళ్లు పోశావు?"
"ఐదు."
"నేను ఏడు పోశాను," అంది కర్ర ఎత్తుతూ,
"అందుకే నీది ఇంకా గొర్రె వాసన."

సాయంత్రం గలేబులో నింపి ముడులు వేశాం.
సూది ఇటు నుంచి నేను గుచ్చితే
అటు నుంచి ఆమె లాగి పంపింది.
గట్టిగా బిగించకు, గుంటలు పడతాయి, అంది.
వదులైతే ఉన్ని ఓ పక్కకి పోతుంది, అన్నాను.
మిగిలిన ఉన్ని తన దిండుకని ఒళ్లో వేసుకుపోయింది.
ఎంతో నేను చూడలేదు.

రాత్రి ఎజ్దర్ పరుపెక్కి
ఇంత ఎత్తా, దొర్లి పడతానేమో, అన్నాడు.
కాసేపాగి, చీకట్లో,
"ఏమంది?" అన్నాడు.

"ఏడు నీళ్లు పోయాలంది," అన్నాను.