కొసరు

తెల్లారి అయిదుకి, కొర్లగుంటలో
దస్తగిరి భాయ్ అంగడి ముందు
ఐసు డబ్బాతో నేను.
"ఎన్ని కండ్లు పాపా ఈ పొద్దు?"
"ఎనిమిది భాయ్."
మేక తలల్ని తడిమి తడిమి తీస్తాడు.
ఇంకా మసక. నన్ను గొంతుతోనే పోల్చుకుంటాడు.

పొద్దెక్కితే పరవాలేదు.
దీపాలు పెట్టే వేళకు మాత్రం
లోకం ఒక గొట్టంలోకి ముడుచుకుంటుంది.
కొండ మెట్ల మీది దీపాల వరస
వాళ్ళబ్బకీ కనపడేది కాదంట.
"రేచీకటికి కార్జం తినమంటారు గదా,
నలభై ఏండ్లుగా అమ్ముతా ఉండా, తింటా ఉండా.
నాలికకు తెలిసింది గానీ
కంటికి తెలీలే" అని నవ్వుతాడు.

ప్రయోగశాలలో కన్ను కోస్తే
లోపల నెమలి మెడ రంగు.
చచ్చిన మేకకు అంత నీలం ఎందుకో,
మూడేండ్లయినా నాకు అలవాటు కాలేదు.
ఆ నీలం అంచున నల్లటి కణాలు,
ఆరు పలకల గచ్చు.
చూపు వాటిది కాదు.
చూసే కణాల పక్కింట్లో కాపురముండి,
వాటి ఎంగిలి ఎత్తి,
అవి చావకుండా కాసే ఒక మాంసకృత్తిని
రేయింబవళ్ళు ఊరించి అందిస్తాయి.

ఎర్ర బల్బు కింద నా పని.
రెటినోయిక్ ఆమ్లం, పసుపు పచ్చటి పొడి,
విటమిన్ ఎ కడుపున పుట్టింది.
వెలుతురు తగిలితే చెడిపోతుంది.
చూపింటి బిడ్డకు
వెలుగంటే భయం!
వెండి కాగితం చుట్టి దాచి,
ఉగ్గు పోసినట్టు
గుంటకొక చుక్క.
తక్కువైతే కణాలు వినవు,
ఎక్కువైతే చచ్చి తేలతాయి.
నడుమ ఎక్కడో ఒక సందుంది,
దాన్ని వెతకడమే నా ఉద్యోగం.

మొన్న రాత్రి పదకొండున్నరకి
మూడో వరుసలో గీత నల్లబడింది.
కాపు మాంసకృత్తి రెండింతలు!
మళ్ళీ చేశాను, వచ్చింది.
మూడోసారి రాలేదు.
బయటికొచ్చి నిలబడితే
కొండ మీద దీపాలు.
లెక్కపెట్టబోయి ఎందుకో మానేశాను.

ఈ పొద్దు అడగనే అడిగాడు,
"నా కంటికేమన్నా దొరికిందా పాపా?"
అవి మేక కణాలు భాయ్, గాజు గిన్నెలో.
అక్కడినుంచి నీ దాకా
ఘాట్ రోడ్డు కంటే ఎక్కువ మలుపులు.
ఇదంతా నోట్లోనే ఉండిపోయింది.
"ఒక గీత నల్లబడింది" అన్నాను.

నలుపు సంగతి నాకు చెప్తావా
అన్నట్టు తలాడించి,
ఎనిమిదీ ఎంచి వేసి,
తడిమి
తొమ్మిదోది
కొసరు వేశాడు.