సీటుబెల్టు చివర

రుస్తావి పాత కార్ల బజారులో
ఆదివారం ఎండ కూడా సెకండ్ హ్యాండే,
ఎవరో వాడి వదిలేసినంత పల్చగా.
బానెట్లు తెరుచుకుని వరసలో బళ్లు
పళ్ల డాక్టరు ముందు కూచున్నట్టు.

"ఒకే చేతి బండి" అన్నాడు వాజా,
"టీచరమ్మ నడిపింది. ఇల్లూ చర్చీ, చర్చీ ఇల్లూ, అంతే."
మీటరు తొంభై వేలంది.
బ్రేకు పెడలు మీద రబ్బరు అరిగి, ఇనుము తేలి,
ఇంకో లెక్క చెప్పింది.
ఏ దేశంలో ఉందో ఆ చర్చి.

లమారా నన్ను తోడు తెచ్చుకుంది,
పదహారేళ్లుగా నా గోళ్లలోంచి గ్రీజు పోలేదు కనక.
ఆవిడ కొండ మీద ఊళ్లకి టీకాలు మోసే నర్సు.
"ఐసుపెట్టె పట్టాలి జుంబెర్,
మంచులో నాలుగు చక్రాలూ లాగాలి,
నా జీతం ఏడవకూడదు."

పైన పటారమే. బూడిదరంగు మెరుపు,
సీట్లకి నిమ్మ వాసన కొట్టే మైనం.
కింద పడుకుని చూశాను:
వెనక ఫ్రేము అంచున తుప్పు, గోరు పెడితే పెచ్చు లేచింది.
గేరుపెట్టె సీలు దగ్గర తడి. చెమటే అన్నాడు వాజా.
చెమటకి ఆముదం చిక్కదనం ఉండదు నాయనా.

చివరికి నా అలవాటు ప్రకారం
సీటుబెల్టు పట్టుకుని లాగాను.
ఎవరూ లాగనంత,
ఏ బొజ్జకీ అవసరం రానంత,
చుట్టలో మిగిలిన ఆఖరి జానెడు దాకా.

అక్కడుంది
అడ్డంగా గోధుమరంగు గీత.
పేరు తెలీని ఏదో నది
మెడలోతు కూచుని వెళ్లిన గుర్తు.
అన్నీ కడిగినవాడు
చుట్టుకుపోయి దాక్కున్న దాన్ని కడగలేకపోయాడు.

వాజా సిగరెట్టు వెతుక్కున్నాడు.
"పద" అన్నాను నేను.
లమారా కదల్లేదు. ఆ గీత మీద బొటనవేలు పెట్టి
"మా వంటింటి గోడ మీద ఇంతే ఎత్తున ఉంది" అంది.
"సున్నం వేస్తాను. ప్రతి వానకీ పైకొస్తుంది.
దాన్నేమన్నా అమ్ముకున్నానా?"
తర్వాత వాజా వైపు తిరిగి
టీచరమ్మ ధర కాదు, నది ధర చెప్పమంది.
మూడో వంతు తెగింది.

నాలుగు శీతాకాలాలు.
నడిరాత్రి ఎడమ కిటికీ తనంతట తాను దిగి
డ్రైవరు సీట్లో మంచు కూచున్న రోజుంది.
పైకప్పు గొట్టం పూడి, ఐసుపెట్టె మీద బొట్లు బొట్లుగా వాన.
చెక్ ఇంజన్ దీపం సంగతి అడక్కండి,
దాని మీద ఆవిడ ఒక అమ్మవారి స్టిక్కరు అంటించింది.
రెండుసార్లు నేనే గొలుసులు పట్టుకుని కనుమ ఎక్కాను,
తిట్టుకుంటూ.
ఒక్క టీకా మాత్రం వెచ్చబడి చెడిపోలేదు.

నమ్మకమైన బండి చూపించమని
ఇప్పటికీ వస్తుంటారు జనం.
నమ్మకమంటే చెడనిది అనుకుంటారు.
నాకు తెలిసింది ఇంతే:
ఏది పాడవబోతోందో
ముందుగా ఏ చప్పుడు చేసి చెబుతుందో
అది నీకు తెలిసిన బండి మంచిది.

దీనికి టైమింగ్ చైను.
చలి పొద్దున తాళం తిప్పగానే
రాళ్లడబ్బా ఊపినట్టు గలగల.
నూనె పైదాకా ఎక్కేవరకే, మూడు లెక్కపెట్టేలోపు ఆగుతుంది.
లమారా రోజూ స్టీరింగు మీద వేలు తడుతూ లెక్కపెడుతుంది:
ఎర్తి... ఓరి... సామి.
నిశ్శబ్దం. గేరు. వెళ్లిపోతుంది.

ఇవాళ నా షెడ్డు ముందే తిప్పింది తాళం.
ఎర్తి. ఓరి. సామి.
వేలు గాల్లో ఆగింది.
నా చేతిలో స్పానరు కూడా.

ఓత్ఖి, అంది మెల్లగా,
అప్పుడు ఆగింది గలగల.

అద్దంలోంచి నన్ను చూసింది.
"గురువారం తెస్తాను" అంది.
ఎదురుగా కనుమ మీద
మబ్బు దిగుతోంది.