కుడి చూపుడువేలు

పందొమ్మిదేళ్లుగా ఈ గాజుపలక వెనకే నా కుర్చీ.
బ్ర్నో దాటి బతికింది లేదు.
అయినా దేశాలను వాసనతో గుర్తుపడతాను,
జనన పత్రాల వాసనతో.
కొన్ని పొగచూరి వస్తాయి,
కొన్నిటికి కలరా ఉండల ఘాటు,
ఒకటైతే, ఒట్టు, ఎండుచేపల కంపు.
ఏ పెట్టె అడుగునో ఏళ్ల తరబడి నిద్రపోయి
ఒళ్లంతా ముద్రలు గుద్దించుకుని
ఈ సందులోంచి నా వైపు జారతాయి.

ఇవాళ నూట నలభై రెండో నంబరు, ఐజిరెక్.
కిర్గిజ్ కొండల్లో నరిన్ అనే ఊరట.
పశువైద్యం చదువుతుందట.
వీసా అక్కడే అంటించి పంపారు,
ఇక మిగిలింది నివాస కార్డు.
యూనివర్సిటీ ఉత్తరం, హాస్టల్ గది ఒప్పందం, బీమా,
ఏ కేసూ లేదని పోలీసుల మాట,
బ్యాంకులో డబ్బుందని బ్యాంకు మాట.
ఆ డబ్బులో మూడు గుర్రాలున్నాయని
అడక్కుండానే చెప్పింది.
మిగతాది పక్కింటివాళ్లదనీ, పై వారం
తిరిగి పంపాలనీ చెప్పబోయింది.
నేను స్టేప్లర్ వెతుక్కున్నాను.
అది వినమని ఏ నిబంధనలోనూ లేదు.

వేలు పెట్టమన్నాను.
యంత్రం ఎర్రబడింది.
తుడిచి పెట్టమన్నాను. ఎరుపు.
ఎడమ చెయ్యి. ఎరుపు.
బొటనవేలు. యంత్రం కాసేపు ఆలోచించి
మళ్లీ ఎర్రబడింది.

ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.
వేలి కొసలు మాత్రం
ఏటి అడుగు గులకరాళ్లు.

ఏం పని చేశావమ్మా అంటే
నా బల్ల మీదే రెండు చేతులూ ఆనించి
ముందుకీ వెనక్కీ దొర్లించి చూపించింది.
ఉన్ని. సలసలా కాగే నీళ్లు. సబ్బు.
నాలుగు చలికాలాలు కంబళ్లు.
కాలేజీ ఫీజు కట్టింది ఆ వేళ్లే,
ఆ వేళ్లే చెల్లవంటోంది యంత్రం.

రూలు ప్రకారం ఒక గడి ఉంది:
'ముద్ర తీయుట అసాధ్యం.'
అక్కడ టిక్కు పెడితే నా పని తీరుతుంది,
ఆమెకు ఇంకో కాగితం, ఇంకో తేదీ,
ఇంకో మూడు నెలలు ఊపిరి బిగబట్టడం.
పెన్ను ఎత్తాను కూడా.

ఎందుకో సొరుగు లాగాను.
కాగితాలకు పగిలే నా చేతుల కోసం
దాచుకున్న చామంతి క్రీము.
సందులోంచి తోస్తే మూత దగ్గర ఇరుక్కుంది,
ఇద్దరం చెరోవైపు లాగాం.
రాసుకుంది. పెట్టింది.
అద్దం మీద జిడ్డు మబ్బు.
ఎరుపు.

వెనక నిలబడ్డ నూట నలభై మూడు దగ్గాడు.
ఒనుఫ్రీ, ఉజ్‌హొరోద్ వైపు మనిషి,
ఈ ఊళ్లో సగం గోడలకు తాపీ పట్టినవాడు,
ఏటేటా కార్డు కోసం వస్తాడు.
గీత దాటి ముందుకు రాకూడదు, వచ్చాడు.
"క్రీము దండగ.
అది తుడిచేసి, నుదురు రుద్దు" అన్నాడు
తన నుదురు రుద్ది చూపిస్తూ.
"నుదుటి జిడ్డు వేలికెక్కాలి.
మా మేస్త్రీలందరం అంతే."

పిల్ల నన్ను చూసింది, అనుమతి కోసం.
నుదుటి గురించి నా పుస్తకంలో ఏమీ లేదు.
తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను.

కనుబొమల మధ్య నుంచి జుట్టు మొదలు దాకా
నెమ్మదిగా, ఏదో చదువుతున్నట్టు
వేలు నడిపించుకుంది.
పెట్టింది.

తెర మీద ఒక్కో వలయమే తేలింది,
పాలు తోడుకున్నట్టు.
పచ్చ.

సంతకం చేస్తూ చెప్పింది:
ఆవు ముక్కు మీద కూడా గీతలుంటాయట,
ఏ రెండు ఆవులకూ ఒకటి కావట,
వానలో గడ్డి మేసినా, మంచు నాకినా అరగవట.
ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు
పందొమ్మిదేళ్లలో.
అరవై రోజుల్లో కార్డు, అన్నాను.

అద్దం తుడిచి మీట నొక్కాను.
నూట నలభై మూడు.
అప్పటికే
అతని వేలు నుదుటి మీద ఉంది.