ఘాటు

పట్నంబజారు పాతసామాన్ల కొట్లో
ఇనుము లెక్కన తూచి ఇచ్చాడు,
ఏడు కిలోల మూడొందల గ్రాములు.
మిర్చి యార్డులో కమీషన్ కొట్టుదట.

మీరావలి వెనక అట్ట విప్పాడు.
ఒక వాల్వు మార్చాడు, తక్కినవి బతికే ఉన్నాయి.
"స్విచ్చి వెయ్యగానే పలకదండీ,
దీనికి కాస్త మర్యాద కావాలి."

కూర్చున్నాం.
గాజుబుడ్లలో ఎర్రదారాలు నిదానంగా మేలుకున్నాయి.
పచ్చకన్ను సగం తెరిచింది.

ముందు వచ్చింది పాట కాదు, వార్తలూ కాదు.
స్పీకరు గుడ్డలో ఎన్నేళ్ళగానో నక్కిన కారం
వేడికి లేచి
ఇద్దర్నీ తుమ్మించి తుమ్మించి వదిలింది.

కళ్ళు తుడుచుకుంటుంటే
గరగరల మధ్య ఎవరో
తెలియని భాషలో
రెండు ముక్కలు మాట్లాడి వెళ్ళిపోయారు.

"ట్యూనింగు తాడు జారుతోంది, రేపు రండి"
అన్నాడు మీరావలి.
ఆపలేదు మాత్రం.