గుర్రు

నో డయల్ టోన్ అంటాది.
నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు,
మూడు రాత్రులుగా అదే మాట.
రిసీవరెత్తి చెవికి పెట్టుకుంటే
గుర్రుమని పలకతానే ఉండాది లైను,
పాలు తాగిన పిల్లి మాదిరి.

మిట్టూరులో మా డీటీపీ సెంటరు.
ముందర జెరాక్సు మిషను, వెనక నేను,
నా వెనక లినక్సు.
పత్రికతో పాటు ఫ్రీగా వచ్చిన సీడీల్లోంచి ఎక్కించినా.
దుడ్లు లేక కాదు అని అందరికీ చెప్పినా.
కొంత దుడ్లు లేకనే.

మొదటి కార్డు పేరుకే మోడెం.
రిచీ స్ట్రీటులో బేరమాడి తెచ్చింది,
మెదడు కిటికీల ఇంట్లో వదిలేసి
మొండెం మాత్రం నా దగ్గరికొచ్చింది.
దాన్ని కవర్లో చుట్టి బీరువా మీద పడేసి
వేలూరు నుంచి ఇంకోటి తెప్పించినా,
బయట పెట్టుకునేది, ఎర్రదీపాలది,
రెండు వేలు.

టీటీవైఎస్ సున్నా అని చెప్పినా, ఒకటి అని చెప్పినా.
తాళం ఫైలు అడ్డముంటే పీకేసినా.
పాస్‌వర్డు అక్షరమక్షరం కూడబలికి కొట్టినా.
ఏటీ అంటే ఓకే అంటాది.
పలకరిస్తే పలకతాది,
పని చెప్తే కదలదు.
ఇట్లాంటోళ్ళు మా ఇంట్లోనూ ఉండారు.

లైన్‌మ్యాన్ ఆర్ముగం వచ్చి
వాన నీళ్ళు దిగినాయేమోనని డబ్బా విప్పినాడు.
రాగి తీగల్ని చొక్కా అంచుతో తుడిచి
నడుముకు వేలాడే ఫోను తగిలించి విన్నాడు.
"లైను బంగారం మ్మా. గుడియాత్తం దాకా గొంతు పోతాది.
మీ పెట్టెకే చెవుడు."
ఆయన తెలుగులో సగం అరవం.
నా తెలుగులోనూ అంతే. మేం గమనించం.

చెవుడు కాదు.
నాలుగో రాత్రి తెలిసింది,
మోడెంతో వచ్చిన పుస్తకం చివరి పేజీలో,
చీమంత అక్షరాల్లో.
ఒక్కో దేశంలో ఒక్కో రకంగా గుర్రు పెడతాదంట లైను.
దీనికి చదువు చెప్పినోళ్ళు ఎవురో
వాళ్ళ ఊరి గుర్రు ఒక్కటే నేర్పినారు:
సన్నగా, తెగకుండా, ఒకే పట్టున.
మాది కొంచెం వణుకుతాది,
బెల్లం మండీలో మధ్యాన్నం దాకా వేలం పాడిన గొంతు మాదిరి
బరబరమంటాది.
అది దానికి పలుకుగానే తోచలేదు,
రొద అనుకునింది.
పలికే లైను పక్కనే కూర్చొని
ఎవురూ పలకలేదని చెప్పింది,
అబద్ధమాడకుండా.

హైదరాబాదుకు ట్రైనింగుకు పోయినప్పుడు
నేను "ఉండాది" అంటే బెంచీ బెంచీ నవ్వింది.
ఆ వారం అన్నం పెట్టమని అడగను కూడా
వేలు చూపించినా.

మందు ఒక్క ముక్క: ఎక్స్ మూడు.
ఏటీ పక్కన చేర్చాల.
అంటే, గుర్రు కోసం ఆగొద్దు,
వినపడినా వినపడకున్నా నంబరు కొట్టెయ్ అని.

టకటక. కాసేపు ఏమీ లేదు.
ఆమీద కూత,
ఇనుప డ్రమ్ములో ఇసుక పోసినట్టు,
చీకట్లో రెండు కోళ్ళు కొట్లాడినట్టు,
సద్దుమణిగి
ముప్పై ఒక వెయ్యి రెండువందలు.
అయినా పేజీ రాలేదు.
పేర్లు చెప్పే సర్వరు చిరునామా రాయడం మరిచినా.
రెండు వరసలు రాసినా.

వచ్చింది,
పైనుంచి కిందికి, గీత తర్వాత గీత,
గుజ్జు ఫ్యాక్టరీవాళ్ళు పంపిన డబ్బా లేబులు:
ఆకు, తొడిమ, తోతాపురి కాయ సగం.
మిగతా సగానికి పదకొండు నిమిషాలు అంటా ఉండగానే
ఇంటి ఓనరు బీబీజాన్
మేకపిల్లకు జ్వరమని డాక్టరుకు చేయబోయి
పై అంతస్తులో ఫోనెత్తింది.
"అల్లా, ఇదేం రొద పాపా!"
నో క్యారియర్.

ఎక్స్ మూడు. మళ్ళీ మొదట్నుంచి.

మరిచిపోతానని గోడమీద పెన్సిలుతో రాసినా.
దాని కిందనే మదనపల్లె అక్క నంబరు,
రెండేండ్లుగా అట్లనే ఉండాది.
ఎవురో ఒకరు ముందర పలకాల కదాని
ఆమె ఆడ, నేను ఈడ.

లేబులు దిగినాక
లైను రెండు గంటలు ఖాళీగా ఉండింది.
నేను ప్రింటు తీసి,
పసుపు సరిపోలేదని
ఇంకోటి తీస్తా ఉండినా.