మధ్యాహ్నం మూడింటి అబద్ధం

అటకామా ఉప్పు మైదానంలో
ఎండ పైనుంచే కాదు, కిందనుంచీ కొడుతుంది.
ఆ వారమంతా నా ఉద్యోగం
ఒక ఇనుప పెట్టెకు గొడుగు పట్టడం.

ఏడో మడుగు దగ్గర, తెల్లవారుజామున,
వేళ్లు కొంకర్లుపోయే ఐదు డిగ్రీల్లో
పీహెచ్ మీటరు నిజమే చెప్పేది.
మూడయ్యేసరికి
అదే గాజు మొన, అదే నీరు,
అంకె మాత్రం అర మెట్టు జారేది.
గొడుగు పడితే కాస్త తక్కువ జారేది.
ఎందుకని ఎవరూ అడగలేదు.

"నీళ్లే మారాయి" అన్నాడు ఎవారిస్తో.
ముప్పయ్యేళ్లుగా అన్నిటికీ నీళ్లనే అంటున్నాడు.
నియెవెస్ తెహెరీనా ఏమీ అనలేదు.
పెట్టె మూత తీసి, చెయ్యి కాల్చుకుని,
వాళ్లమ్మమ్మ తిట్టొకటి తిట్టి
లోపలికి తొంగి చూసింది.

గుమ్మంలో ఇద్దరు కాపలావాళ్లు,
బియ్యపుగింజంత గాజు డయోడ్లు.
ఉన్ని బట్టల్లో పుట్టిన మెరుపు
ఆంప్లిఫయరు గుండెకు తగలకుండా
పక్కకు లాగి పారబోసేవాళ్లు.
వెలుతురేమోనని నల్లటేపు కప్పి చూసింది.
కాదు.
సోల్డరింగు మొనను ముట్టీ ముట్టకుండా దగ్గరకు తెచ్చింది.
అంకె జారింది.

తలుపు మూసే ఉంది. చాప కింద నీరులా
సందులోంచి కారుతోంది.
ఐదు డిగ్రీల దగ్గర ఒక్క పికో ఆంపియరు,
పదిహేనుకి రెండు, ఇరవై ఐదుకి నాలుగు.
ఆమె ఎక్కం చదువుతుంటే నేను వేళ్లు ముడిచాను:
ఎనిమిది, పదహారు, ముప్పై రెండు.
గొడుగు తీస్తే పెట్టెలో అరవై ఐదు డిగ్రీలు.
అరవై నాలుగు!
దోమకు కూడా గొంతు తడవని ధార అది.
కానీ గాజు మొన మాట అంతకంటే మెల్లన,
పక్కన ఎవరో గుసగుసలాడినా
చెప్పిందొకటి, వినబడేదొకటి.

"పీకేద్దామా?" అన్నాను.
పోయిన జూన్‌లో ఎవరో పీకేశారట.
ఆ రాత్రే అల్పాకా స్వెటరు వేసుకున్నవాడు తీగ ముట్టుకుంటే
చిటుక్కుమంది. అంతే.
మేస్తోందని కంచెను తగలబెట్టలేం కదా.

ఆమె ఒక సన్నతీగ అతికించింది,
గుమ్మం లోపల ఎంత వోల్టేజి ఉందో
కాపలావాడి వెనకా అంతే ఉండేలా.
రెండు పక్కలా మట్టం ఒకటైతే
నీరు మాత్రం ఎటు పారుతుంది?
వేడి అలాగే ఉంది. డయోడూ అదే.

మూడయింది. గొడుగు మడిచెయ్యమంది.
మడిచాను.
అంకె కదల్లేదు.

ఎవారిస్తో మాత్రం మడుగు అంచున గొంతుక్కూర్చుని
దోసిట్లో నీళ్లెత్తి
ఇంకా అనుమానంగా చూస్తున్నాడు.