అరపావు

ఫిషింగ్ హార్బరులో తెల్లారగట్ల రెండున్నర.
నలభై ట్రేల కానాగంతలు, పైన పిండి ఐసు.
శృంగవరపుకోట దాకా బండికి ఏ రోగమూ ఉండదు.
ఘాటీ మొదలయ్యాకే
మూడో గేరులో మూలిగి, రెండోలో దగ్గి,
ఒకటికి దిగి కూచుంటుంది.
ఇనుప ఊచల లారీలు కూడా
హారనైనా కొట్టకుండా దాటెళ్ళిపోతాయి.

వెనక ఐసు మాత్రం ఆగదు.
అనంతగిరి మలుపు మలుపుకీ
బొట్టు బొట్టు నా లాభం
రోడ్డు మీద గీత గీసుకుంటూ పోతుంది.
సంతకి చేరేసరికి
బేరానికొచ్చినవాళ్ళు ముందు ముక్కు మూసుకుని
తర్వాత నోరు తెరుస్తారు.

"పెద్ద నాజిల్సు ఎయ్యించీయే నూకరత్నం,"
ఐసు ఫేక్టరీ పెంటయ్య.
"స్క్రూ తిప్పిస్తే పులైపోద్ది,"
అతని బావమరిది. అతనికి బండే లేదు.

ఆటోనగర్లో పంపు రూము.
జిలానీకి ఎడమ చెవి పని చెయ్యదు.
స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద పెట్టి
పిడి కుడి చెవికి ఆనించుకుని
కళ్ళు మూసుకుని వింటాడు.
"పవరు కావాలి" అన్నాను.
"ఎంత?"
కొట్లో నూనె కొలిచేవాడిలా అడిగాడు.
ఎంతో నాకేం తెలుసు.
"ఒకటికి దిగకుండా డముకు దాటితే చాలు."

పంపు విప్పి బెంచికి బిగించాడు.
ఎదురుగా నాలుగు గాజు గొట్టాలు.
మోటారు తిరిగింది,
గానుగ నూనె రంగులో డీజిలు
నాలుగింట్లోనూ ఎక్కి ఎక్కి
ఒకే గీత దగ్గర ఆగింది.
"పంపు బంగారం. సీలు కూడా కంపెనీదే."
జబ్బు లేదన్న డాక్టరు మీద కోపమొచ్చినట్టు
నాకు కోపమొచ్చింది.

అప్పుడు గుప్పిట్లో పట్టే ఫీడ్ పంపు తీసి
మూతికి బొటనవేలు అడ్డం పెట్టి నొక్కాడు.
వేలు కదల్లేదు.
"ట్యాంకులోంచి తోడి పైకి అందించేది ఇదే.
వాల్వు అరిగిపోయింది.
చదునులో ఎలాగో నెట్టుకొస్తుంది.
ఎక్కుడులో ఇంజను అడిగినప్పుడు
ఇవ్వడానికి దీని దగ్గరుండదు.
బలం లేక కాదమ్మా నీ బండి.
అందక."

ఐసు కరిగిన ప్రతిసారీ
స్టీరింగు మీద గుద్ది తిట్టిన తిట్లు
వరసగా గుర్తొచ్చాయి.
లెక్కలు రావని వీపు మోగించిన నా చిన్నది కూడా.
దానికి బోర్డు కనబడదని
కళ్ళజోడు వచ్చాక గానీ తెలీలేదు.

కొత్త ఫీడ్ పంపు. రెండు ఫిల్టర్లు.
ట్యాంకు అడుగున దోసెడు బురద,
"ఇదేంటి, ఉప్పుటేరా?" అని నవ్వాడు.
చివర్లో, నేను కదలకపోతే,
సీసం సీలు తెంచి స్క్రూ పావు చుట్టు తిప్పాడు.
"ఇంకో పావు" అన్నాను.
"ఇంకో పావు పొగే. పొగంటే కాలని డీజిలు.
నీ డబ్బే, నల్లగా."

మర్నాడు ఘాటీలో మూడో గేరు.
కాలి కింద ఏదో కొత్తగా ఊపిరి తీసుకుంటోంది.
ఊచల లారీని దాటాను, హారన్ కొట్టి మరీ.
డముకు దగ్గర గట్టిగా నవ్వాను,
పక్క సీట్లో ఎవరూ లేకపోయినా.

అప్పుడే అద్దంలో చూశాను.
రోడ్డు వారన సీతాఫలాలమ్మే పిల్ల
నేనొదిలిన నల్లటి పొగలోంచి బయటపడి
ముందు బుట్ట మీద కొంగు కప్పింది,
ఆ తర్వాత దగ్గింది.

తిరుగుదారిలో నేరుగా ఆటోనగర్.
"కొంచెం వెనక్కి తిప్పు."
"ఎంత?"
ఈసారి నాకు తెలుసు.
"అరపావు."
తగ్గించమని వచ్చిన బండి
ఇరవయ్యేళ్ళలో ఇదే మొదటిదన్నాడు.
ఎంతివ్వాలంటే
రెండు కానాగంతలు చాలన్నాడు.

మూడిచ్చాను.
వాటి మీద ఐసు ఇంకా కరగలేదు.